ఆటస్థలం బహుమానమా, హక్కా?

1999లో ‘సమరసింహారెడ్డి’ విజయం పొందినది మొదలు మన చలనచిత్రాలకు రాయలసీమ అంటే బాంబులు, వేటకొడవళ్లు, సుమోలు. 2003లో వచ్చిన ‘ఒక్కడు’ కథానాయకుడు కర్నూలుకు కబడ్డీ ఆడటానికే వస్తాడు. సీమ గడ్డమీద అడుగుపెట్టగానే ఆట పక్కకు తొలగి, ముఠా నాయకుని కథ ముందుకు వస్తుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బడిపిల్లలు కూడా ఆటలాడతారనీ, దానికి స్థలం కావాలనీ ఈ చిత్రాలకు తోచలేదు.

అందుచేతనే, కథ మన ప్రాంతానిది కాకపోయినా, ‘గోల్కొండ హైస్కూల్’ (2011)ను నేను శ్రద్ధగా చూశాను. హరిమోహన్ పారువు ఆంగ్ల నవల ఆధారంగా ఇంద్రగంటి మోహనకృష్ణ తీసిన చిత్రమిది. బడి క్రికెట్ మైదానంలో ఐ.ఐ.టి. శిక్షణ కేంద్రం కట్టాలని యాజమాన్యం తలపెడుతుంది. ఇది కల్పిత సమస్య కాదు. మా పట్టణాల్లో అంతస్తుమీద అంతస్తుగా లేచిన ప్రయివేటు బడులను చూచినవారికి దీని బరువు తెలుసు. చదువు సరుకైన చోట ఖాళీ నేల నష్టంగానే కనబడుతుంది. ఇంత ముఖ్యమైన సంఘర్షణను తెరమీదికి తెచ్చినందుకు దర్శకుని మెచ్చుకొనక తప్పదు.

కాని పరిష్కారమో? పిల్లలు పోటీలో గెలిస్తే మైదానం నిలుస్తుందని ప్రిన్సిపాల్ ఒప్పందం చేసుకొంటాడు. పిల్లలు గెలుస్తారు, మనం చప్పట్లు కొడతాం. ఓడితే ఏమయ్యేది? జట్టులో చోటు దొరకని వందలమంది మాటేమిటి? ఈ ప్రశ్నలను చిత్రం అడుగనీయదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడికి ఉండవలసిన వాటిలో ఆటస్థలాన్ని కూడా చేర్చింది. కప్పు గెలిచి తెమ్మని అది షరతు పెట్టలేదు గదా!

ఈ సందర్భంలో 2004 నాటి అమెరికన్ చిత్రం ‘ఫ్రైడే నైట్ లైట్స్’ గుర్తుకు వస్తున్నది. టెక్సాస్‌లోని ఒడెస్సా చమురు పట్టణం. 1988లో పెర్మియన్ హైస్కూలు ఫుట్‌బాల్ జట్టు గెలుపోటములే ఆ ఊరి ప్రాణం. ఆటగాళ్ల వైద్య సామగ్రికైన ఖర్చు ఆంగ్లశాఖ బోధనసామగ్రి ఖర్చును మించిందని మూలగ్రంథంలో (1990) బిసింజర్ వ్రాశాడు. చిత్రం ఇట్టి లెక్కలను వెనక్కు నెట్టింది. అయినా నిజం ఒకచోట పైకి వచ్చింది. మోకాలు దెబ్బతిన్న నల్లజాతి ఆటగాడు బూబీ మైల్స్ తన సామాను సర్దుకొని, కారులో కూర్చుని భోరున ఏడుస్తాడు. ఊరు ప్రేమించింది అతని ఆటనే గాని అతన్ని కాదని అప్పుడు మనకు బోధపడుతుంది. చివరికి జట్టు కూడా ఓడిపోతుంది.

మన చిత్రం ఆ ఓటమిని చూపే ధైర్యం చేయలేదు. గెలిచినవానికే నేల అనే న్యాయం భూస్వామికీ, వ్యాపారికీ ఇష్టమైన న్యాయం. ఓడిన మర్నాడు కూడా పిల్లలు నిశ్చింతగా ఆడుకొనే బడి కథను మన రచయితలే వ్రాయాలి. అట్టి బడి కావాలని విద్యార్థులూ, ఉపాధ్యాయులూ మన ఊళ్లలోనే అడగటం మొదలుపెట్టాలి.