బంతి అందుకునే పని

ఫ్లోరిడా కీస్‌లో పగడపు దిబ్బల దగ్గరకి పడవ మీద వెళ్తే, నీలం గీత ఉన్న తెల్లటి బంతులు నీళ్ల మీద తేలుతూ కనిపిస్తాయి. మూరింగ్ బాల్స్ అంటారు. లంగరు వేయకుండా పడవను వాటికి కట్టుకోవచ్చు. డబ్బు కట్టక్కరలేదు, ఎవరు ముందొస్తే వారివి. మా పడవలో చుక్కాని మావారిది. ముందు కొసన కొక్కెం కర్ర పట్టుకుని నిలబడే పని నాది. ఆ పనంటే నాకు చాలా ఇష్టం.

మొదట చూడాల్సింది గాలి ఎటు, నీటి లాగుడు ఎటు అని. అప్పటికే కట్టి ఉన్న పడవలుంటే ఇంకా సులువు. వాటి ముక్కులు ఎటు తిరిగి ఉంటే మనమూ అటే తిరిగి బంతి దగ్గరకి రావాలి. ఎదురుగాలిలో వస్తే పడవ తనంతట తనే నెమ్మదిస్తుంది. గాలివాటున వచ్చామా, ఇంజిన్ ఆపినా ఆగదు. బంతి మీదుగా వెళ్లిపోతే, దాని తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకోవచ్చు.

చివరి కొద్ది అడుగుల్లోనే ఉంది కష్టమంతా. బంతి పడవ ముక్కు కింద మరుగవుతుంది, చుక్కాని పట్టిన మనిషికి అసలు కనబడదు. అప్పుడు నా చెయ్యే ఆయనకి చూపు. బంతి ఎటుంటే అటు చెయ్యి చాచి ఉంచుతాను, పిడికిలి బిగిస్తే ఇంజిన్ న్యూట్రల్‌లో పెట్టమని. గాలిలో, ఇంజిన్ చప్పుడులో మాట సగమే చేరుతుంది. తగాదాలన్నీ ఆ సగం మాటతోనే. భార్యాభర్తలు నలుగురిలో అలా అరుచుకుంటుంటే చూడటానికి బాధగా ఉంటుంది. రేవు వదలకముందే సైగలు అనుకుంటే చాలు, ఆ గొడవ ఉండదు.

బంతికి తేలే తాడొకటి, దాని చివర కన్నూ ఉంటాయి. మన మోకు ఆ కన్నులోంచి దూర్చి, కొసలు వెనక్కి తెచ్చి మన పడవకే కట్టుకోవాలి. బంతి తాడునే తెచ్చి పడవకి బిగించకూడదు. మోకు కాస్త పొడవుగా వదలాలి. బిర్రుగా కడితే అల వచ్చినప్పుడల్లా కుదుపు అడుగున ఉన్న బిగింపు మీద పడుతుంది. ఒక్కోసారి తాడు చేతికందుతుంది, పడవ మాత్రం పక్కకి జారిపోతుంటుంది. వదిలెయ్యాలి. అంత బరువున్న పడవను మనిషి చేతులు ఆపలేవు, భుజం పోతుంది. తిరిగి చుట్టు తిప్పుకుని రావడం నామోషీ ఏమీ కాదు. సమయానికి తాడు వదిలెయ్యగలిగినవాళ్లే పని తెలిసినవాళ్లని నేనంటాను.

కట్టాక మాస్క్ పెట్టుకుని నీళ్లలోకి దిగుతాను. తాడు ఎక్కడైనా ఒరుసుకుపోయి నార లేచిందా అని చూడందే నాకు మనసు కుదుటపడదు. అక్కడి దిబ్బల మీద చాలా బంతులకు అడుగున సున్నపురాతిలో సన్నటి రంధ్రం తొలిచి, స్టెయిన్‌లెస్ స్టీలు కొక్కీ పెట్టి సిమెంటుతో పూడ్చి ఉంటుంది. జాన్ హలాస్ అనే సముద్ర జీవశాస్త్రవేత్త 1981లో కీ లార్గో దగ్గర ఫ్రెంచ్ రీఫ్‌లో ఈ పద్ధతి మొదలుపెట్టారు. తర్వాత అది ఎన్నో దేశాలకు వెళ్లింది. అంతకుముందు పడవలు ఆ దిబ్బల మీదే లంగరు దింపేవి. గుండ్రటి బండల్లా పెరిగే పగడాలు ఏడాదికి సెంటీమీటరు పెరిగితే గొప్ప. లంగరు పడితే, గొలుసు అటూ ఇటూ ఈడ్చుకుంటే, ఎన్నో ఏళ్ల పెరుగుదల ఒక్క పూటలో పిండైపోతుంది. రంధ్రం చుట్టూ పగడం చెక్కుచెదరకుండా ఉండటం కళ్లారా చూశాక హలాస్ గారి మీద గౌరవం కలగకుండా ఎలా ఉంటుంది?

సెలవులకి కీ లార్గో వచ్చి పడవ అద్దెకి తీసుకునే మనవాళ్లకి ఒక్క విన్నపం. నలభై అడుగుల లోపు లోతులో, అడుగు కనిపించే చోట బతికున్న పగడం మీద లంగరు వేయడం అక్కడ నిషేధం. పొద్దున్నే బయల్దేరండి, బంతి దొరుకుతుంది. అన్నీ నిండిపోయి ఉంటే ఒకటి ఖాళీ అయ్యేదాకా ఆగండి, లేదంటే లంగరుకి అనుమతి ఉన్న చోట ఇసుక నేల వెతుక్కుని అక్కడ వేయండి.