శాలువాల మధ్య కథ ఎక్కడ?

ఏటా జనవరి 17న విజయనగరంలో చాసో స్ఫూర్తి పురస్కార సభ జరుగుతుంది. ఆ రోజు చాసో, అంటే కథకుడు చాగంటి సోమయాజులు పుట్టినరోజు. 1915లో పుట్టి 1994లో పోయిన చాసో రాసిన కథలు వందకు కూడా చేరవు. అయినా తెలుగు కథ గురించి మాట్లాడేవాళ్లెవరూ ‘వాయులీనం’, ‘ఎంపు’, ‘కుంకుడాకు’ దాటి వెళ్లలేరు. ఆయన పేరు మీద కథాసభ జరగడం న్యాయమే. చాసో ముందు కాగితం పట్టుకునేవారు కాదు. కథనంతా మనసులో అల్లుకుని మిత్రులకు చెప్పేవారు. చెప్పగా చెప్పగా కుదురుకున్నాకే రాసేవారు. శ్రోత ముఖం ఎక్కడ వాడిందో చూసుకోగల రచయితకు అంతకు మించిన ఎడిటర్ అక్కర్లేదు.

కథాసభకు అసలు బలం ఈ వినిపించడంలోనే ఉంది. పేజీ మీద కన్ను దాటేసే లోపం గొంతులో దొరికిపోతుంది. సంభాషణ కృతకంగా ఉంటే చదివేవాడికే నోరు తిరగదు. వర్ణన ఎక్కువైతే మూడో వరసలో కుర్చీలు కిర్రుమంటాయి. వారపత్రికలో నాలుగు పేజీల కథ పైకి చదివితే ఇరవై నిమిషాలు పడుతుంది. అంతకన్నా పెద్దదైతే సగం చదివి మిగతాది నోటితో చెప్పేయడం మనవాళ్లకు అలవాటు. అది కథకు ద్రోహం. విషయం తెలుస్తుంది గానీ కథ మిగలదు. ఒక్క సన్నివేశమే అయినా మొదటినుంచి చివరిదాకా చదవడం మేలు.

మంచి పఠనంలో నటన ఉండదు. ముసలమ్మ మాటకు గొంతు వణికించనక్కర్లేదు, వేగం కాస్త తగ్గిస్తే చాలు. యాస సంగతి మరీ సున్నితం. శ్రీకాకుళం పల్లె మాటను ఆ ఊరివాడు చదివితే జనం ఊ కొడతారు. అది రానివాడు అనుకరిస్తే నవ్వుతారు, ఆ నవ్వుతో పాత్ర చచ్చిపోతుంది. అందుకే కథ రచయిత నోటే వినాలంటాను, ఆయన ఎంత తడబడినా సరే.

ఇక బహుమతి. కథల పోటీకి మన పత్రికలు ఎప్పుడో ఒక పద్ధతి ఏర్పరచాయి. కథ సొంతమనీ, అనువాదమో అనుసరణో కాదనీ, మరెక్కడా అచ్చు కాలేదనీ హామీపత్రం జతచేయాలి. రచయిత పేరు కథ ఉన్న కాగితాల మీద కాక విడిగా ఉండాలి. తొలి వడపోతలో చాలా కథలు పోతాయి, మిగిలినవే న్యాయనిర్ణేతల చేతికి వెళతాయి. ఇంతవరకూ బాగానే ఉంటుంది. చిక్కంతా మార్కుల దగ్గర వస్తుంది. ముగ్గురి మార్కులు కూడి సగటు తీస్తే, ఎవరికీ కోపం తెప్పించని కథ మొదటి బహుమతి కొడుతుంది. ఒకరు 90, మరొకరు 40 వేసిన కథ ప్రోత్సాహక బహుమతి దగ్గర ఆగిపోతుంది. నాకైతే ఆ రెండో కథే చదవాలనిపిస్తుంది. ముగ్గురూ ఒక బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక కథ కోసం వాదించుకుంటే ఈ తప్పు చాలావరకు తగ్గుతుంది. కాకపోతే టీ ఖర్చు పెరుగుతుంది.

బహుమతి కథను ఎంత దూరం మోసుకుపోగలదో 1952లో పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ చూపించింది. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో దానికి రెండో బహుమతి వచ్చింది. బహుమతి సొమ్ముకు సార్థకత అంటే మాత్రం కాళీపట్నం రామారావు మాస్టారినే చెప్పుకోవాలి. ‘యజ్ఞంతో తొమ్మిది’కి 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఆయన, పురస్కారాల సొమ్ము పెట్టి శ్రీకాకుళంలో కథానిలయం నిలబెట్టారు. 1997 ఫిబ్రవరి 22న తలుపులు తెరిచిన ఆ ఇంట్లో తెలుగు కథలు, అవి అచ్చయిన పాత పత్రికలు పోగుపడ్డాయి, గోడల నిండా కథకుల ఫొటోలున్నాయి. ఫిబ్రవరిలో దాని వార్షికోత్సవానికి రచయితలు చేరతారు. కొత్తవాళ్ల కథలు ఓపిగ్గా చదివి, మళ్లీ రాయమని చెప్పిన మనిషి మాస్టారు. కొత్తగా రాసేవాళ్ల కోసమే ‘కథాకథనం’ రాశారు. కథాసభలు చేయాల్సిన పని ఆయన ఒక్కడే ఏళ్ల తరబడి చేశారు.

మన ఊళ్లలో చాలా సభలు ఆ పని చేయడం లేదు. వేదిక మీద తొమ్మిది మంది, ఎదురుగా ముప్పై మంది. అధ్యక్షుడి తొలిపలుకులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి. తర్వాత పుష్పగుచ్ఛాలు, శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు. పురస్కార గ్రహీత స్పందనకు మైకు అందేసరికి తొమ్మిది దాటుతుంది, ఆఖరి బస్సున్నవాళ్లు లేచిపోతుంటారు. బహుమతి పొందిన కథలో ఏముందో తెలియకుండానే అందరూ ఇళ్లకు చేరతారు. శాలువా కప్పడం మర్యాదే, కాదనను. కానీ రచయిత వచ్చింది కథ పట్టుకుని కదా!

నిర్వాహకులకు నేను చెప్పేవి రెండే. ఆహ్వానపత్రికలో అతిథుల పేర్ల కన్నా పైన కథ పేరు వేయండి. సభ రోజు ఆ కథ నకళ్లు కుర్చీల్లో పెట్టి, మొదటి అరగంట రచయితకే ఇవ్వండి. పాఠకులకు చెప్పేది ఇంకా చిన్నది: మీ ఊళ్లో కథాసభ ఉందని తెలిస్తే ఆ రచయిత కథ ఒక్కటైనా చదివి వెళ్లండి, నచ్చనిది ఉంటే సభలోనే అడగండి.