కళ్ళతోపాటు ముక్కూ

దక్షిణ కొరియాలోని జేజూ దీవిలో హెన్యోలనే ఆడవాళ్ళు గాలి సిలిండరు లేకుండా, ఊపిరి బిగబట్టి సముద్రంలో మునుగుతారు. అడుగున ఉన్న నత్తలు, నాచు ఏరుకొస్తారు. 2016లో యునెస్కో వాళ్ళ సంస్కృతిని మానవాళి వారసత్వంగా గుర్తించింది. వాళ్ళ ఊపిరి గురించి రాయనివాళ్ళు లేరు. నా ఆసక్తి మాత్రం వాళ్ళ కళ్ళజోళ్ళ మీదే.

పాత జోళ్ళకు రెండు కళ్ళకూ విడివిడిగా రెండు గాజుబిళ్ళలు ఉండేవి. ముక్కు బయటే ఉండేది. చిక్కంతా అక్కడే, జోడులోకి గాలి వదిలే దారి లేదు. ఒంట్లోని నెత్తురు, నీరు చుట్టూ ఉన్న ఒత్తిడిని అలాగే అందుకుంటాయి. గట్టి చట్రంలో చిక్కిన గాలి మాత్రం అందుకోలేదు. రెండు మీటర్లు దిగేసరికే కంటి నెత్తురుకూ జోడులోని గాలికీ తేడా 150 మిల్లీమీటర్ల పాదరసం దాకా రావచ్చు. డాక్టరు బీపీ చూసి చెప్పే 120 కన్నా ఇది ఎక్కువే. సన్నటి రక్తనాళాలు తట్టుకోలేక చిట్లుతాయి. తెల్లగుడ్డు ఎర్రబడుతుంది, రెప్పలు ఉబ్బుతాయి.

దీనికి జపాన్‌లో సముద్రంలో మునిగే ‘ఆమా’ ఆడవాళ్ళ జోళ్ళలో ఒక విరుగుడు కనిపిస్తుంది. కొన్ని జోళ్ళ పక్కన చిన్న రబ్బరు బుడ్డీలు ఉండేవి. లోతుకు వెళ్ళేకొద్దీ నీరే బుడ్డీని నొక్కి, అందులోని గాలిని జోడులోకి తోస్తుంది. ఇంత తెలివైన పనిముట్టుకు రావలసినంత పేరు రాలేదనిపిస్తుంది. తర్వాత కళ్ళనూ ముక్కునూ కలిపి కప్పే, ఒకే అద్దం ఉన్న మాస్కు వచ్చింది. ముక్కుతో కాస్త గాలి వదిలితే చాలు, లోపలి ఒత్తిడి సరిపోతుంది. అయితే ఊపిరి బిగబట్టిన మనిషికి ఆ కాస్త గాలీ ఖర్చే. అందుకే అలాంటివాళ్ళకు లోపల ఖాళీ తక్కువగా ఉన్న మాస్కే మేలు. 

గాలి సిలిండరుతో దిగే స్కూబా డైవరుకు గాలి కరువు లేదు. అయినా కొత్తవాళ్ళు చెవుల్లో ఒత్తిడి సరిచేసుకునే ధ్యాసలో పడి ముక్కుతో గాలి వదలడం మరిచిపోతారు. మాస్కు మొహాన్ని పీలుస్తున్నట్టు అనిపించగానే వదలాలి. లోతు పెరిగేదాకా ఆగకూడదు, ఎందుకంటే గాలి సగానికి కుంచించుకుపోయేది మొదటి పది మీటర్లలోనే. ఈత కొలనులో పెట్టుకునే, ముక్కును కప్పని జోళ్ళతో లోతుకు దిగడం ఎంత పొరపాటో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఎర్రబడిన కన్ను చూడ్డానికి భయంగా ఉన్నా, సాధారణంగా ఒకటి రెండు వారాల్లో దానంతటదే తేటపడుతుంది. నొప్పి ఉన్నా, చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రెటీనా ఆపరేషనులో కంట్లోకి గ్యాస్ బుడగ ఎక్కించినవాళ్ళ సంగతి వేరు. ఆ బుడగ పూర్తిగా కరిగేదాకా వాళ్ళు డైవింగే కాదు, విమానం కూడా ఎక్కకూడదు.