దుబాసీ దృష్టిలో దొరతనాలు

ఐరోపా జాతుల వలస పాలనలను పోల్చే చరిత్రకారులు సాధారణంగా కంపెనీల స్వరూపంతో ఆరంభిస్తారు. 1600లో ఏర్పడిన ఆంగ్లేయ కంపెనీ, 1602లో ఏర్పడిన డచ్చి కంపెనీ వర్తకుల పెట్టుబడితో నడిచాయి. 1664లో మంత్రి కోల్బర్ట్ పూనికతో వెలసిన ఫ్రెంచి కంపెనీ ఆది నుంచీ రాజాశ్రయం మీద ఆధారపడింది. ఈ భేదం యథార్థమే. అయితే ఇది లండన్, ఆమ్‌స్టర్‌డామ్, పారిస్ నగరాల నుంచి చూసినవారికి కనిపించే భేదం. ఓడలు వచ్చి ఆగిన రేవుపట్టణాలలో బ్రతికినవారికి ఈ దొరతనాలు ఎలా కనిపించాయో చెప్పగల గ్రంథాలు అరుదు. వాటిలో అగ్రగణ్యమైనది పుదుచ్చేరి దుబాసీ ఆనందరంగ పిళ్ళై తమిళంలో వ్రాసుకొన్న దినచర్య.

పిళ్ళై 1709లో మద్రాసు సమీపాన పెరంబూరులో జన్మించాడు. 1736లో ఆరంభించిన దినచర్యను 1761లో మరణించేవరకు సాగించాడు. 1846లో వెలుగు చూసిన ఈ రచనకు మద్రాసు ప్రభుత్వం 1904-1928 మధ్య పన్నెండు సంపుటాలలో ఆంగ్లానువాదం ప్రకటించింది. ఓడల రాకపోకలు, సరుకుల ధరలు, దర్బారు ముచ్చట్లు, కులాల తగాదాలు, కుటుంబ విషయాలు అన్నీ ఇందులో పక్కపక్కనే ఉంటాయి. ఏది చరిత్రాత్మకమో ఏది కాదో ముందుగా నిర్ణయించుకోకపోవడమే ఈ రచనకు గల మొదటి గుణం.

ఫ్రెంచి పట్టణంగా పేరుపొందిన పుదుచ్చేరి నిజానికి మూడు దొరతనాల చేతులు పడిన ఊరు. 1674లో ఫ్రాన్స్వా మార్టిన్ ఇక్కడ ఫ్రెంచి స్థావరాన్ని నెలకొల్పాడు. 1693లో డచ్చివారు దానిని జయించారు. నేడు సందర్శకులు మెచ్చుకొనే సరళరేఖల వీధులకు మూలమైన పథకం వారు గీసినదే. 1697 నాటి రిస్విక్ సంధి ననుసరించి 1699లో పట్టణం తిరిగి ఫ్రెంచివారి వశమైంది. 1761లో ఆంగ్లేయులు దానిని పట్టుకొని నేలమట్టం చేశారు. పారిస్ సంధి తరువాత ఫ్రెంచివారు పాత పథకం మీదనే మళ్ళీ కట్టుకొన్నారు.

దినచర్య ఈ దొరతనాలను ఎక్కడా సిద్ధాంతరీత్యా పోల్చదు. పోలిక సంఘటనలలోనే దొరుకుతుంది. 1746లో లాబోర్డనే మద్రాసును పట్టుకొన్నప్పుడు, సొమ్ము తీసుకొని నగరాన్ని విడిచిపెట్టాలని అతడూ, నిలుపుకోవాలని గవర్నరు డూప్లే పట్టుపట్టారు. విజయాన్ని మించి ఆ కలహానికే దినచర్యలో చోటు దక్కింది. ఫ్రాన్సు నుంచి ఓడలు రానప్పుడు ఏర్పడే రొక్కపు కొరత కూడా పిళ్ళై దృష్టిని తప్పించుకోలేదు. ఫ్రెంచివారి పరాజయానికి చరిత్రకారులు తరువాతి కాలంలో చూపిన కారణాలు దుబాసీకి రోజువారీ వార్తలుగానే తెలిసినవి.

గ్రంథంలో హృదయాన్ని కలచే ఘట్టం 1748 నాటిది. ఆంగ్లేయుల ముట్టడి వేళ ఫ్రెంచివారు వేదపురీశ్వరాలయాన్ని కూల్చివేశారు. పిళ్ళై దుఃఖించాడు, డూప్లే భార్యనూ మతబోధకులనూ నిందించాడు, అయినా కొలువు మానలేదు. కనుక అతడిని నిష్పాక్షిక సాక్షి అనడం పొరపాటు. అతడు డూప్లే అభిమాని, ఆ వ్యాపారంలో లాభం పొందినవాడు. పాలితులు కేవలం పీడితులు కారనీ, వారిలో కొందరు పాలనకు పనిముట్లు కూడా అయ్యారనీ ఈ దినచర్య దాచకుండా చూపుతుంది. దాని విలువ అక్కడే ఉంది.

తెలుగు సాహిత్యానికి పిళ్ళై మరొక రూపంలో పరిచితుడు. కస్తూరి రంగకవి తన లక్షణగ్రంథానికి అతని పేరిట 'ఆనందరంగరాట్ఛందము' అని నామకరణం చేశాడు. కావ్యసంప్రదాయం వర్తకుని రాజును చేసింది. దినచర్యలో అదే మనిషి గవర్నరు చిత్తవృత్తిని కనిపెట్టుకొని మెలగే ఉద్యోగి. మన సాహిత్యచరిత్రలు కృతిభర్తను స్మరించాయి, దుబాసీని విస్మరించాయి. రెండింటినీ కలిపి చదివినప్పుడే ఆనాటి పోషకుని అసలు స్థితి బోధపడుతుంది.

ఈ పోటీ తెలుగునేలకు దూరపు కథ కాదు. మచిలీపట్నంలో వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అనే పేర్లు డచ్చి, ఫ్రెంచి, ఆంగ్లేయ జాతులు మూడూ అక్కడ కాపురమున్నాయని చెబుతాయి. 1753లో సలాబత్ జంగు నుంచి బుస్సీ ఉత్తర సర్కారులను పొందాడు; ఆ రాబడి ఫ్రెంచి సైన్యపు జీతాలకు ఉద్దేశించినది. విజయనగర ప్రభువు ఆనంద గజపతి ఆంగ్లేయులను ఆహ్వానించగా, కర్నల్ ఫోర్డ్ 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను పట్టుకొన్నాడు. గోదావరి తీరాన యానాం మాత్రం 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో మిగిలింది.

పిళ్ళై 1761 జనవరి 12న కన్నుమూశాడు. నాలుగు రోజులకు పుదుచ్చేరి ఆంగ్లేయులకు లొంగిపోయింది. వీధులు గీసినవారు, గుడిని కూల్చినవారు, ఊరినే కూల్చినవారు వేర్వేరు జాతులవారు. కాని స్థానికులను సంప్రతించి ఆ పనులు చేసినవారు వారిలో ఎవరూ లేరు. దొరతనాల తారతమ్యాన్ని విచారించేవారు కంపెనీల పత్రాల పక్కన ఈ దినచర్యను కూడా ఉంచుకోవడం అవసరం. ఏ జాతి ఎక్కువ సమర్థమన్న ప్రశ్నకు ఆ పత్రాలు చాలవచ్చు. ఆ సామర్థ్యానికి మూల్యం చెల్లించినదెవరన్న ప్రశ్నకు మాత్రం ఈ దుబాసీ వ్రాతలను ఆశ్రయించక తప్పదు.