రిజర్వు డిఫెండర్ ఒప్పందాన్ని విప్పి చూస్తే

అమెరికన్ ఫుట్‌బాల్‌కు మార్చి బేరాల నెల. నెల మధ్యలో ఒకనాడు న్యూయార్క్ గడియారంలో సాయంత్రం నాలుగు కొట్టగానే, నాలుగు సీజన్లు పూర్తయి ఒప్పందం ముగిసిన ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లు నచ్చిన జట్టుకు వెళ్లవచ్చు. దాన్ని ఫ్రీ ఏజెన్సీ అంటారు. పెద్ద పేర్ల సందడి తగ్గాక చిన్న అక్షరాల్లో మరో రకం వార్త వస్తుంది: ఫలానా జట్టు ఒక మూడో కార్నర్‌బ్యాక్‌ను (పాస్ అందుకోవడానికి పరిగెత్తే రిసీవర్‌ను కాచే డిఫెండర్) మూడేళ్లకు 1.2 కోట్ల డాలర్లకు తీసుకుంది. మొదటి పదకొండు మందిలో లేనివాడికి అంత డబ్బా అని అభిమానులు ఏటా అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. అయితే ఆ పెద్ద అంకె ఒప్పందానికి పైఅట్ట మాత్రమే. లోపలి పేజీలు తిప్పితే, మనుషులు ఎంత ఓపికతో, ఎన్ని అనుమానాలకు ముందే జవాబు రాసిపెట్టుకుని వాటిని కూర్చారో కనిపిస్తుంది.

ముందు జట్టు ఏ పనిని కొంటోందో చూడాలి. జాబితాలో 53 మంది ఉంటారు. మ్యాచ్ రోజు బరిలోకి దిగగలిగేది గరిష్ఠంగా 48 మంది. డిఫెన్స్‌లో ఒక్కసారి మైదానంలో నిలిచేది పదకొండు మందే అయినా, ఆ పదకొండు ఆటంతా ఒకటే కాదు. ముందు వరుసలోని భారీకాయులు, బంతి ఆటలోకి వచ్చే ప్రతి స్నాప్‌కూ తమంత బరువున్నవాణ్ని తోసుకుంటూ పోవాలి. ఒక మ్యాచ్‌లో అరవైకి పైగా స్నాప్‌లు ఉంటాయి. అన్నింటా అదే బలం చూపడం ఎవరి తరమూ కాదు. అందుకే మంచి కోచ్‌లు నాలుగు స్థానాలకు ఏడెనిమిది మందిని తిప్పుతారు. చివరి క్వార్టర్‌లో తాజా కాళ్లతో పరిగెత్తేవాడు ఒకడు మిగలడానికి ఆ రెండో వరుసే కారణం.

వెనక వరుస లెక్క వేరు. ప్రత్యర్థి ముగ్గురు రిసీవర్లతో వస్తే, ఒక లైన్‌బ్యాకర్‌ను బయటికి పంపి ఐదో డిఫెన్సివ్ బ్యాక్‌ను దింపుతారు. దాన్ని నికెల్ అంటారు. ఇవాళ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సగానికి పైగా ఆట నికెల్‌లోనే నడుస్తోంది. కాగితం మీద రిజర్వు అని రాసి ఉన్న ఆ మూడో కార్నర్‌బ్యాక్, నిజానికి రోజూ పనికి వెళ్లే మనిషి. పైగా అతని చోటు అన్నిటికన్నా ఇరుకైనది. అంచున ఆడే కార్నర్‌కు పక్కనున్న గీత తోడుంటుంది. రిసీవర్‌ను అటువైపు నెట్టేస్తే సగం పని అయినట్టే. మధ్యలో, స్లాట్‌లో, ఆ తోడు లేదు. ఎదుటివాడు కుడికైనా, ఎడమకైనా, నేరుగానైనా వెళ్లగలడు. అదే స్నాప్‌లో బంతి రన్నింగ్ బ్యాక్ చేతికి వెళితే, తనకంటే బరువైన మనిషిని పట్టి పడేయాల్సిందీ ఇతనే.

దీనికి తోడు స్పెషల్ టీమ్స్. బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి అప్పగించే పంట్ కొట్టినప్పుడు రెండు అంచుల నుంచి ముందుగా దూసుకెళ్లే గన్నర్లు తరచూ ఈ రిజర్వు డిఫెండర్లే. వారం మధ్యలో సాధన వేళ, రాబోయే ప్రత్యర్థి జట్టు డిఫెండర్ల వేషం వేసి బంతి విసిరే సొంత జట్టు క్వార్టర్‌బ్యాక్‌కు పరీక్ష పెట్టేదీ వీళ్లే. టీవీ తెర మీద కనపడని ఈ పనికి కూడా ఆ డబ్బులో వాటా ఉంది.

ఇక ఒప్పందం. దాని చుట్టూ గట్టి గోడ ఒకటుంది: సాలరీ క్యాప్. ఏ జట్టయినా జీతాలకు లెక్క చూపగలిగిన గరిష్ఠ మొత్తం ఇది. 1994లో మొదలైనప్పుడు 3.46 కోట్ల డాలర్లు, 2025కు 27.92 కోట్ల డాలర్లు. డబ్బున్న యజమాని డబ్బుతో దాన్ని దాటలేడు. కాబట్టి నైపుణ్యమంతా ఎంత ఇచ్చారన్న దాంట్లో కంటే ఏ ఏడాది లెక్కలో ఎంత పడుతుందన్న దాంట్లో ఉంటుంది.

మన 1.2 కోట్ల ఉదాహరణనే విప్పుదాం. ఇది నేను ఊహించి కట్టినదే, కానీ తీరు అసలైన వాటిదే. సంతకం బోనస్ 45 లక్షలు. జీతాలు వరుసగా 15, 25, 35 లక్షలు. బోనస్ సంతకానికి బదులుగా చేతికందే సొమ్ము. క్యాప్ లెక్కలో మాత్రం అది ఒప్పందపు ఏళ్లన్నిటి మీదా, గరిష్ఠంగా ఐదేళ్లకు, సమంగా పరుచుకుంటుంది. ఇక్కడ ఏటా 15 లక్షలు. అంటే మొదటి ఏడాది క్యాప్‌లో పడేది 30 లక్షలు, రెండో ఏడాది 40, మూడో ఏడాది 50. క్యాప్ ఏటా పెరుగుతుందన్న నమ్మకంతో భారాన్ని వెనక్కి జరిపారన్నమాట.

మొదటి సీజన్ కాగానే ఆటగాణ్ని వదిలేశారనుకోండి. మిగతా జీతాలు ఎగిరిపోతాయి. ఇంకా లెక్కకెక్కని బోనస్ 30 లక్షలు మాత్రం ఒక్కసారిగా ఆ ఏటి క్యాప్ మీద పడుతుంది. దాన్నే డెడ్ మనీ అంటారు. జూన్ 1 దాటాక వదిలితే దాన్ని రెండేళ్లకు పంచుకునే వీలుంది. అయినా జట్టు ఒక్క సీజన్ పనికి 60 లక్షలు ఇచ్చినట్టే. రెండు సీజన్లు ఉంచుకుంటే 85 లక్షలు, ఏటికి 42.5 లక్షలు. పత్రికలు మూడుతో భాగించి చెప్పే 40 లక్షల సగటు, మూడేళ్లూ నిలిచినవాడికే వర్తిస్తుంది. నా దృష్టిలో ఎక్కువ ఇచ్చారా అన్న వాదనలో సగం తప్పులు ఈ సగటుతోనే మొదలవుతాయి.

ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం చాలా చిన్నది: మ్యాచ్‌కింత అని రాసే రోస్టర్ బోనస్. రెండో ఏటి 25 లక్షల్లోంచి 5,10,000 డాలర్లు తీసి పక్కన పెడతారు. సీజన్‌కు 17 మ్యాచ్‌లు కాబట్టి, బరిలో ఉన్న ప్రతి మ్యాచ్‌కూ 30,000. గాయంతో కూర్చుంటే ఆ వారం సొమ్ము రాదు. క్యాప్ లెక్కలో దీన్ని ఎంత చూపాలన్నది నిరుటి హాజరు చెబుతుంది. అతడు నిరుడు పది మ్యాచ్‌లకే బరిలో ఉంటే 3,00,000 మాత్రమే ముందుగా పడుతుంది. ఈసారి పదిహేడూ ఆడితే తేడాను తర్వాత సర్దుతారు. గాయాల చరిత్ర ఉన్న ఆటగాడికి, అతని గాయాలనే కొలతగా తీసుకుని కుట్టిన నిబంధన ఇది. ఆటగాడికి అవమానం లేదు, జట్టుకు గుడ్డి నమ్మకం అక్కర్లేదు.

ఇంకో అందమైన నిబంధన కనీస వేతనం దగ్గర ఉంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అనుభవంతో పాటు కనీస వేతనం పెరుగుతుంది. 2024లో ఏడేళ్లు దాటినవాడికి 12,10,000 డాలర్లు, రెండేళ్లవాడికి 9,85,000. ఇలా వదిలేస్తే చవకైన కుర్రాణ్ని ఉంచుకుని పెద్దవాణ్ని పంపేయాలనిపిస్తుంది. అందుకే, కనీస వేతనానికి ఒక్క ఏడాది ఒప్పందం చేసుకున్న సీనియర్ జీతాన్ని క్యాప్‌లో రెండేళ్లవాడి జీతంగానే లెక్కిస్తారు. పైన కొద్దిపాటి బోనస్ ఇచ్చినా ఈ వెసులుబాటు పోదు. ఆటగాడి చేతికి పూర్తి సొమ్ము అందుతుంది, జట్టుకు 2,25,000 డాలర్ల చోటు మిగులుతుంది. ముప్పయ్యేళ్లు దాటిన ఎందరో డిఫెండర్ల చివరి రెండు మూడు సీజన్లు ఈ వాక్యం మీదే నిలబడ్డాయి.

ఒప్పందంలో ఎక్కడా రాయని ఖర్చు కూడా ఒకటుంది. ఫ్రీ ఏజెన్సీలో తెచ్చుకున్నవారికంటే పోగొట్టుకున్నవారు ఎక్కువైన జట్టుకు, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే మరుసటి ఏటి డ్రాఫ్ట్‌లో మూడో రౌండ్ నుంచి ఏడో రౌండ్ లోపు అదనపు ఎంపికలు ఇస్తారు. మధ్యరకం జీతానికి ఒక రిజర్వును తెచ్చుకుంటే అలాంటి ఎంపిక ఒకటి చెరిగిపోవచ్చు. కనీస వేతనపు సీనియర్లు ఈ లెక్కలోకి రారు. పాత జట్టు తనంతట వదిలేసినవారూ రారు. డ్రాఫ్ట్ అయిన తర్వాతి సోమవారం దాటాక చేసుకున్న ఒప్పందాలూ రావు. ఈ పద్ధతి వచ్చినప్పటి నుంచి అత్యధికంగా అలాంటి ఎంపికలు అందుకున్న బాల్టిమోర్ రేవెన్స్, మార్చిలో చేతులు కట్టుకుని మేలో బేరమాడడం ఎంత పెద్ద విద్యో చూపించింది.

మరి ఎక్కువ ఇస్తున్నారా? పాట్రిక్ రాబిన్సన్ కథలో రెండు జవాబులూ ఉన్నాయి. 2010లో న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ మొదటి రౌండ్‌లో తీసుకున్న కార్నర్‌బ్యాక్ అతడు. తర్వాత ఇండియానాపోలిస్‌తో చేసుకున్న మూడేళ్ల ఒప్పందం ఒక్క ఏడాదికే ముగిసింది. 2017లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ అతణ్ని కనీస వేతనానికి దగ్గరలో, ఒక్క ఏడాదికి తీసుకుంది. స్లాట్‌లోకి మార్చింది. అదే వసంతంలో మరో వయసు మళ్లిన డిఫెండర్ క్రిస్ లాంగ్‌ను కూడా ముందు వరుస మార్పిడి కోసం తెచ్చుకుంది. 2018 జనవరి 21న మిన్నెసోటా వైకింగ్స్‌తో ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్. ఈగిల్స్ 0-7తో వెనకబడి ఉంది. క్వార్టర్‌బ్యాక్ కేస్ కీనమ్ బంతి విసురుతుండగా లాంగ్ చేయి తగిలింది. దారితప్పి గాల్లో తేలిన బంతిని రాబిన్సన్ అందుకుని, మైదానాన్ని అడ్డంగా కోసుకుంటూ 50 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. మ్యాచ్ 38-7తో ముగిసింది. రెండు వారాలకు సూపర్ బౌల్ కూడా ఈగిల్స్‌దే.

ఆ మార్చిలో సెయింట్స్ అతణ్ని వెనక్కి పిలిచింది: నాలుగేళ్లు, 2 కోట్ల డాలర్లు. ఆటగాడు మారలేదు. మారింది కొనేవారి అంచనా. ఒకే వస్తువుకు చాలామంది వేలం పాడితే, అందరికంటే ఎక్కువ ఊహించుకున్నవాడికే అది దక్కుతుంది. మెక్సికో గల్ఫ్ చమురు క్షేత్రాల వేలాలను చూసి ముగ్గురు ఇంజినీర్లు 1971లో రాసిన సంగతి ఇదే. 32 జట్లు కోరుకునే ఆటగాడి విషయంలోనూ అంతే. పైగా గత ఏడాది ఆట, ఆనాటి జట్టు ముందు వరుసతో కలిసి తయారైనది. కీనమ్‌ను తాకిన లాంగ్ చేయి రాబిన్సన్‌తో పాటు న్యూ ఓర్లీన్స్‌కు రాదు కదా.

కాబట్టి నా తీర్పు ఇది. కనీస వేతనపు రిజర్వుకు జట్లు ఎక్కువ ఇవ్వడం లేదు, తక్కువే ఇస్తున్నాయేమో. ఎక్కువ ఇచ్చేది మధ్య అంతస్తులో, మార్చి మొదటి రోజుల్లో, ఒక్క మంచి సీజన్‌కు నాలుగేళ్ల ధర కట్టినప్పుడు.

2018 సీజన్ మూడో మ్యాచ్‌లో, అట్లాంటా మీద ఆడుతూ రాబిన్సన్ చీలమండ విరిగింది. సీజన్ అక్కడితో అయిపోయింది. స్లాట్‌లోకి పీజే విలియమ్స్ వచ్చాడు. 2015లో సెయింట్స్ మూడో రౌండ్‌లో ఎంచుకున్నవాడు, ఇంకా తొలి ఒప్పందం చివరి ఏడాదిలోనే ఉన్నాడు. అక్టోబర్ నెలాఖరున, అదే మిన్నెసోటా మీద, కర్క్ కజిన్స్ విసిరిన బంతిని పట్టి 45 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. సెయింట్స్ 30-20తో గెలిచింది.