చెట్టు తల నరుకుమన్నవానికి జవాబు

"ఇంటిమీద పడునేమో, సగమునకు నరికివేయుము" అని యజమాని కోరును. కాదన్నచో పనివానికి ఆనాటి కూలి పోవును. మరునాడు మరొకడు రంపముతో వచ్చును. అమెరికాలో చెట్లు కత్తిరించు వృత్తివారికి ఇది నిత్యము ఎదురగు చిక్కు. వారికి అక్కరకు వచ్చు చిన్న పుస్తకమును ఆ దేశపు అటవీశాఖ 1977లో ప్రచురించినది. పేరు 'కంపార్ట్‌మెంటలైజేషన్ ఆఫ్ డికే ఇన్ ట్రీస్'. రచయితలు అలెక్స్ షైగో, హెరాల్డ్ మార్క్స్. షైగో గొలుసు రంపముతో చెట్లను నిలువునా చీల్చి, కుళ్లు ఎచ్చట ఆగినదో పరిశీలించిన శాస్త్రజ్ఞుడు.

మన చర్మము గాయమైన చోటనే క్రొత్త కణములతో బాగుపడును. చెట్టు అట్లు చేయజాలదు. చెడిన కొయ్యను చెడినట్లే విడిచి, దానిచుట్టు నాలుగు గోడలు కట్టి, వెలుపల క్రొత్త కొయ్యను పెంచుకొనును. కుళ్లు నిలువునా ప్రాకకుండ ఆపు మొదటి గోడ అన్నిటికంటె బలహీనము. గాయమైన పిమ్మట బెరడు క్రింది కేంబియం పొర నిర్మించు నాలుగవది అన్నిటికంటె దృఢము.

తల నరుకుటలోని గుట్టు ఇచ్చటనే బయటపడును. కొమ్మను నడిమికి నరికినచో కుళ్లు బలహీనమైన గోడను దాటి మోడులోనికి దిగును. నిద్రాణముగ నున్న మొగ్గలనుండి గుబురుగ రెమ్మలు లేచి, కొద్ది యేండ్లలోనే పూర్వపు ఎత్తు నందుకొనును. కాని వాని పట్టు పైపొరలయందే. విరుగునని భయపడి నరికించినవాడు సులువుగ విరుగు కొమ్మలనే డబ్బిచ్చి పెంచుకొనుచున్నాడు! కోతపై తారు పూసినను కుళ్లు ఆగదు.

పుస్తకమునకు లోపము లేకపోలేదు. 'గోడ' అను మాట బొమ్మలలో చక్కగ ఒదిగినను, విద్యార్థి దానిని ఇటుకగోడగ భావించు ప్రమాద మున్నది. మొదటి మూడును కొయ్యలో ముందే యున్న నాళములు, వార్షిక వలయములు, కిరణకణములు. నాలుగవదే క్రొత్తగ ఏర్పడునది. అంతేకాక, శిలీంధ్రము వ్యాప్తిని నిర్ణయించునవి ముఖ్యముగ కొయ్యలోని నీరు, గాలి అని 1983లో లిన్ బాడీ, అలన్ రేనర్ వాదించిరి. నీటితో నిండిన కొయ్యలో శిలీంధ్రమునకు గాలి చాలదు. ఈ ఆక్షేపణ బలమైనదే. అయినను రంపము పట్టినవానికి రెండు వాదములును ఇచ్చు సలహా ఒకటే: గాయము ఎంత చిన్నదైన అంత మేలు.

ఇంతకును యజమానికి కావలసినది పొట్టి చెట్టు కాదు, గాలివాననాడు నిశ్చింతగ నిద్ర. ఎండుకొమ్మలు తీసివేసి, మరీ సాగిన కొమ్మను తన లావులో మూడవవంతుకు తక్కువకాని ప్రక్కకొమ్మ వరకు కుదించి, కొమ్మమొదటి ఉబ్బును తాకకుండ కోసినచో ఆ కోరిక చాలవరకు తీరును. అప్పటికిని పట్టు విడువనివానికి నిలువునా చీల్చిన పాతమోడు నొకదానిని చూపవచ్చును. షైగో నేర్చినదియు అట్టి మోడులనుండియే.