ఏ గుడ్డు మీద గురి?

ఈ రచయిత్రిని చిన్నప్పటి నుంచి ఎరుగుదును. ఆ చనువుతోనే రాతప్రతి టెక్సాస్‌లో నేనుండే కాపెల్‌కు పంపి, "బాబాయిగారూ, ముందుమాట మీరే రాయాలి" అంది. చనువుకు లొంగి పొగిడే అలవాటు నాకు లేదని ఆమెకూ తెలుసు.

ట్రైకోగ్రామా మీద తెలుగులో కరపత్రాలకు కొదవ లేదు. ఎకరానికి ఎన్ని సీసీల కార్డులు, ఎన్నాళ్లకోసారి, ఏ పూట కట్టాలి, అక్కడితో సరి. పురుగుల గుడ్లలో తన గుడ్లు పెట్టే, మిల్లీమీటరు కూడా ఉండని ఆ గుడ్డు బదనికకు తనదంటూ ఒక ఇష్టం ఉంటుందని ఎవరూ పెద్దగా రాయలేదు. ఈ పుస్తకమంతా ఆ ఇష్టం గురించే.

ల్యాబులో దాన్ని పెంచేది కోర్సైరా అనే నిల్వ ధాన్యపు రెక్కల పురుగు గుడ్ల మీద. జొన్న నూకలో చవగ్గా పెరుగుతుంది గనక అందరూ దాన్నే పట్టుకున్నారు. దాని గుడ్లను అట్టకు అతికించి, పురుగు పుట్టకుండా అల్ట్రావయొలెట్ కాంతి చూపి బదనికలకు అప్పగిస్తారు. మూడు నాలుగు రోజుల్లో గుడ్లు నల్లబడితే పని జరిగినట్టు; ఆ అట్టలే చేలో కట్టే కార్డులు. మరి తరాల తరబడి ఆ తిండి మరిగిన బదనిక చేలోకి వెళ్లి చెరకు పీక పురుగు గుడ్డును అంతే ఇష్టంగా పడుతుందా?

ఈ ప్రశ్న దగ్గరే రచయిత్రి పనితనం కనిపిస్తుంది. తల్లి బదనిక గుడ్డు మీదికెక్కి, మీసాలతో తడుతూ అటూ ఇటూ నడుస్తుంది. ఆ నడకలోనే గుడ్డు సైజు అంచనా కట్టి, లోపల ఎన్ని పెట్టాలో తేల్చుకుంటుంది. అప్పటికే వేరొకటి పెట్టిపోయి ఉంటే చాలాసార్లు పసిగట్టి దిగిపోతుంది. ఇలా దిగిపోవడాన్ని ఇంగ్లండులో జార్జ్ సాల్ట్ 1930లలోనే గమనించాడు. ఈ సంగతులన్నిటినీ ఆమె పక్కన కూర్చుని చూపించినట్టు రాసింది. చిన్న గుడ్డులో పెరిగిన బదనిక చిన్నదిగానే బయటికొస్తుంది, దాని సంతానమూ తక్కువే. 1970లలో అమెరికాలో డబ్ల్యూ. జె. లూయిస్ బృందం, రెక్కల పురుగు రాల్చే పొలుసుల వాసన పట్టుకుని బదనికలు గుడ్లు వెతుకుతాయని తేల్చింది. ట్రైకోగ్రామాలో వరి మొగి పురుగుకు జపానికం జాతి, చెరకుకు చిలోనిస్ జాతి అని మనవాళ్లు వేరు చేసిందీ ఊరికే కాదు.

ల్యాబు తిండి మరిగి ఇష్టం మారితే దానికి మందు కూడా చెప్పింది: ల్యాబు స్టాకును అప్పుడప్పుడు అసలు పురుగు గుడ్ల మీద ఒక తరం పెంచాలి, చేలో దొరికిన బదనికలను తెచ్చి కలపాలి. ఖర్చుతో కూడిన పనే, అందుకే వాయిదా పడుతుంటుంది. గణాంకాల పట్టికలు మాత్రం సగానికి తగ్గించి ఉండాల్సింది. రైతు అక్కడ పుస్తకం మూసేస్తాడని నా భయం.

ఈ ఉత్తర టెక్సాస్‌లోనూ పీకన్ కాయతొలుచు పురుగు కోసం కొందరు తోటలవాళ్లు ట్రైకోగ్రామా వదులుతారు. దేని మీద పెంచారని అడిగినవాళ్లు నాకు ఇక్కడా తారసపడలేదు.

రైతు సోదరులారా, కార్డు కొనేటప్పుడు తేదీతో పాటు జాతి పేరూ అడగండి. ల్యాబు నడిపేవారు స్టాకు మార్చడం మీద రాసిన అధ్యాయాన్ని ముందు చదవండి, పట్టికలు తర్వాత చూసుకోవచ్చు.